తుప్పు నాకే మేస్త్రీ

మొన్న ఒకావిడ ఆటోలో పాత పరుపు వేసుకుని వచ్చింది. దించీ దించకముందే వాసన కొట్టింది. నేను నలభై ఏళ్లుగా ఊళ్లవాళ్ల పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టే మనిషిని. పసిపిల్లల ఉచ్చ, ముసలాళ్ల చెమట, రోగిష్టివాళ్ల చీము, అన్నీ ఈ చేతుల మీదుగానే పోయాయి. నా ముక్కు చచ్చి చాలా కాలమైంది. అలాంటి ముక్కు కూడా ఆ పరుపు దగ్గర లేచి కూర్చుంది. గ్రీజు, చుట్ట, తుప్పు మూడూ ఒకే గిన్నెలో ఉడకబెట్టినట్టుంది.

"ఎవరిదమ్మా ఇది?" అన్నాను.

"మా మామగారిదండి. ఆయన పోయి నెలైంది. దూది మంచిదని పారెయ్యబుద్ధి కాలేదు."

"ఏం చేసేవాడు మీ మామ?"

"కమాను కట్టలండి. ఒంగోలు బైపాసు పక్కన షెడ్డు."

నా చేతిలో దబ్బనం అలాగే ఆగిపోయింది.

"తుప్పు నాకేవాడా?"

ఆవిడ మొహం మాడ్చుకుంది. "అందరూ అలాగే అంటారండి. పోయాక కూడా అంటున్నారు."

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడేవాళ్లు మాట్లాడతారు, నా వల్ల కాదు. నాకు ఆ మనిషంటే రోత. ఆ గోళ్లంటే రోత, ఆ నాలుకంటే రోత, ఆ నవ్వంటే మరీ రోత. ఆ రోత ఎలాంటిదో చెబుతాను.

కమాను కట్ట అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట. విల్లులా వంగి, ఒకదాని కింద ఒకటి పొట్టివవుతూ పోతాయి. గుంటలో పడితే అవి వంగి లేస్తాయి కాబట్టే మన నడుములు నిలుస్తున్నాయి. ఆ కట్టను బండి అడుగున ఒక ఇనుప కొక్కేనికి తగిలిస్తారు. దాన్ని హ్యాంగర్ అంటారు. పట్టీ విరిగితే బండి ఒక పక్కకు వాలుతుంది. హ్యాంగర్ విరిగితే మటుకు వాలడానికి కూడా టైము ఉండదు. ఈ మాటలన్నీ నాకు ఆ మేస్త్రీ నోటినుంచి వచ్చినవే. మాటతోపాటు తుంపర కూడా వచ్చేది.

అతని షెడ్డులో విరిగిన పట్టీలు గోడంతా ఆనించి ఉండేవి. మధ్యలో కొలిమి. కొలిమి పక్కన ఒక తొట్టి. కాలిన ఇనుమును అందులోనే ముంచేవాడు. చేతులు అందులోనే కడిగేవాడు. మొహం అందులోనే. అన్నం తిన్నాక దోసిలితో ఆ నల్లనీళ్లే తీసుకుని పుక్కిలించి, వచ్చినవాళ్లకిచ్చే టీ గ్లాసు కూడా అందులోనే జాడించి, "తీసుకోమ్మా" అని ఇచ్చేవాడు. నేను ఒక్కసారి కూడా తాగలేదు. మా ఆయన తాగేవాడు. మా ఆయనకు ఎవరి మనసూ నొప్పించడం చేతకాదు.

అతని చిటికెనవేలికి అంగుళం పొడుగు గోరు. సోకు కోసం పెంచింది కాదు. బండి కిందికి పాకి, తుప్పు పట్టిన చోట ఆ గోటితో గీకి, గోట్లోకి వచ్చిన ఎర్రపొడిని నాలుక మీద పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. పుల్లటి మామిడికాయ నోట్లో పెట్టుకున్నట్టు చప్పరించేవాడు. తర్వాత పక్కకు తిరిగి థూ అని ఉమ్మి, చెప్పేవాడు. "ఇది చీమకుర్తి రాతిపొడి, దీంట్లో వాననీళ్లు నిలిచాయి." "ఇది పొలం బండి, మందు బస్తాలు మోసింది." "ఇది కొత్తపట్నం సరుకు, చేపల ఐసునీళ్లు కారాయి." డ్రైవర్లు నోరు తెరిచి చూసేవాళ్లు. నేను మటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని.

ఒకసారి మేం అక్కడ ఉండగానే పొన్నూరునుంచి బియ్యం లారీ వచ్చింది. ఓనరు కూడా దిగాడు. మేస్త్రీ కిందికి పాకి, నాకి, బయటికి వచ్చాడు.

"ఇది వానా కాదు, యూరియా కాదు. మీ డ్రైవరుకు ఒళ్లు బరువు. దిగి నాలుగడుగులు వెయ్యడు. రోజూ ఈ చక్రం మీదే కానిస్తున్నాడు."

ఓనరు తిరిగాడు. "ఏరా?"

"వాన పడుతుంటే ఒకటి రెండుసార్లు..." అని నసిగాడు డ్రైవరు.

"ఒకటి రెండుసార్లకు ఇనుము పుచ్చదురా. ఇంకోటి విను, నీకు షుగరు ఉంది. పోయి చూపించుకో."

షెడ్డంతా నవ్వింది. నేను చెట్టు చాటుకు పోయి కక్కుకున్నాను. తర్వాత ఆ డ్రైవరు చూపించుకుంటే నిజంగానే షుగరు ఉందని మా ఆయన మెచ్చుకుంటూ చెప్పాడు. ఇంకోసారి ఆ మాట ఎత్తితే నీకు అన్నం పెట్టనన్నాను.

మాకూ ఆ షెడ్డుకూ ఏం పనంటే, మా ఇల్లే చక్రాల మీద ఉండేది. కొత్తపట్నంలో చేపలు మోసి మోసి మూలపడిన పాత వ్యానును మా ఆయన కొన్నాడు. వెనక దూది ఏకే మిషను బిగించాడు. దాని ముందు చెక్కబల్ల, బల్ల కింద వంట సామాను, పైన దండెం. పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట, పొన్నూరు. పత్తి తీతలప్పుడు ఒక వైపు, మిరపకాయ కళ్లాలప్పుడు ఇంకో వైపు. మనుషుల చేతుల్లో నాలుగు పైసలు ఆడే చోటికి పోయి, ఊరి బయట ఆపి, పరుపులు ఏకి కుట్టేవాళ్లం. రాత్రి ఆ బల్ల మీదే పడుకునేవాళ్లం. ఏళ్ల తరబడి నాకు వేరే గడప లేదు.

మేస్త్రీ ఎప్పుడూ ఆ వ్యాను లోపలికి అడుగు పెట్టలేదు. మా ఆయన "రండి మేస్త్రీ గారూ, పరుపు మీద కూర్చోండి" అంటే, ముక్కు మూసుకునేవాడు. ఆ ముక్కు!

"ఎవడు చచ్చిన పరుపో! పీనుగ కింద దూది తీసి పెళ్లికొడుక్కి కుడతారు మీరు."

"తుప్పు తినేవాడివి, నువ్వా నన్ను అనేది?" అనేదాన్ని నేను.

"తుప్పంటే చచ్చిన ఇనుము, పరుపులమ్మా. కదలదు. నీ దూదిలో నల్లులు నిన్నటి మనిషి రక్తంతో ఇవాళ కూడా పాకుతుంటాయి."

నన్ను పరుపులమ్మా అనేవాడు. నా పేరు అతనికి తెలియదు. నేనూ అడగలేదు అతని పేరు.

మా ఆయనకు నల్లరంగు డబ్బా మీద మహా నమ్మకం. ఏటా ఫిట్‌నెస్ కాగితానికి బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి బండిని తీసుకుపోయే ముందు, అడుగుభాగమంతా నల్లరంగు కొట్టేవాడు. కిందికి వంగి చూస్తే కొత్త పెళ్లికూతురి జడలా మెరిసేది. మేస్త్రీ సుత్తితో ఆ రంగు మీద టక్కుమని కొట్టేవాడు. అప్పడంలా పెళ్లలు రాలేవి.

"తుప్పుకు చీర కట్టావు," అనేవాడు. "రోగం లోపల దర్జాగా కూర్చుంది."

"ఇన్‌స్పెక్టరు చూశాడుగా మేస్త్రీ గారూ."

"ఆయన పడుకుంటాడా దీంట్లో? పడుకునేది నువ్వూ మీ ఆవిడా."

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు, అయినా చెబుతాను.

మాకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి ఇద్దరూ పోయారు. ఉన్నది ఒక్క మా ఆయన. వ్యాను కొన్న మొదటి ఏడాదే పర్చూరు దగ్గర కాలవలోకి ఒరిగి, ఆయన భుజం ఎముక విరిగింది. అప్పుడు మా అత్త ఒక ఉపాయం చెప్పింది. పరుపు గుడ్డ ముక్కలో గుప్పెడు రాళ్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు మూటకట్టి, అమావాస్య నాడు బండికి కట్టమంది. పరాయి కన్ను పడకూడదు, మగవాళ్లకు తెలియకూడదు. ముఖ్యమైన మాట ఇంకోటి. కట్టిన మూటను మన చేత్తో తియ్యకూడదు. దానంతటదే ఊడి పడాలి. చేత్తో తీస్తే అది ఆపిన గండమంతా ఇంట్లోకే వస్తుంది.

ఎవరి కన్నూ పడని చోటు ఏదంటే, వెనక ఎడమ చక్రం లోపల, కమాను కట్ట తగిలించే కొక్కెం సందు. అక్కడే కట్టాను. వచ్చే అమావాస్యకు పాతది ఊడలేదు. దాని మీదే కొత్తది కట్టాను. గట్టిగా కుట్టడం, గట్టిగా కట్టడం నా చేతివాటం. నేను కట్టింది ఊడుతుందా? పదకొండేళ్లు. ఎన్ని అమావాస్యలో మీరే లెక్కేసుకోండి. రంగు కొట్టేటప్పుడు ఆయన చెయ్యి అంత లోపలికి పోయేది కాదు. మేస్త్రీకి ఆ చక్రం ఊడదీసే పని ఎప్పుడూ పడలేదు. వానలో ఆ మూటలు నానేవి, ఎండలో ఎండేవి, మళ్లీ నానేవి. మా ఆయనకు గీత కూడా పడలేదు ఆ పదకొండేళ్లలో. నా ఉప్పు పని చేస్తోందని లోపల్లోపల మురిసిపోయాను.

ఒక ఎండాకాలం వ్యాను ఎడమవైపు వాలడం మొదలుపెట్టింది. బల్ల మీద చెంబు పెడితే దొర్లి వచ్చేది. పడుకుంటే ఆయన వచ్చి నా మీద పడేవాడు. "ఈ వయసులో ఏంటయ్యా," అని నవ్వాను కూడా. నవ్వుతూనే బైపాసుకు పోయాం.

మేస్త్రీ చక్రం ఊడదీసి కిందికి పాకాడు. కాళ్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. మడమలు ఎండిన చెరువులా పగిలి, పగుళ్లలో నల్లగ్రీజు. చప్పరించిన చప్పుడు వినపడింది. ఉమ్మిన చప్పుడు వినపడలేదు. మళ్లీ గీకాడు. మళ్లీ చప్పరించాడు.

"ఏంటి మేస్త్రీ గారూ? చేపల ఉప్పేనా?" అన్నాడు మా ఆయన. "అమ్మినవాణ్ణి అప్పుడే అడిగాను, కడిగావా అని."

"చేపల ఉప్పు కంపు కొడుతుంది. ఇది కొట్టట్లేదు." లోపలినుంచి గొంతు వచ్చింది. "ఇది కొట్లో కొన్న ఉప్పు. కారం కూడా తగులుతోంది."

అంతలో అతను చెయ్యి లోపలికి పెట్టి ఏదో లాగడం మొదలుపెట్టాడు.

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. "మేస్త్రీ, నీకు దణ్ణం పెడతా, చేత్తో తియ్యొద్దు!"

మూటల కట్లు పటపటమని తెగాయి. బయటికి వచ్చి, గుప్పెట్లోది నేల మీద పడేశాడు. తేనెపట్టంత ఉంది. గుడ్డల మీద గుడ్డలు, నల్లగా, తడిగా, మధ్యలో కుళ్లిన మిరపతొడిమలు. అందులోంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి, పుండులోంచి కారినట్టు. దాన్ని కట్టింది నేను. చూడలేక తల తిప్పుకున్నాను.

"ఎవరు కట్టారిది?" అన్నాడు మేస్త్రీ.

"నాకేం తెలుసు? మాకు అమ్మినవాడు కట్టుంటాడు," అన్నాను.

అతను ఆ ముద్దను కాలితో తిప్పాడు. లోపల ఒక మూట ఇంకా చారలు కనపడుతూ ఉంది. నీలం చారల పరుపుగుడ్డ. నాలుగు మూలలూ కలిపి, మూడు చుట్లు తిప్పి, నా ముడి. అతను ఆ ముడి చూశాడు. వ్యానులో దండెం మీద వేలాడుతున్న నీలం చారల గుడ్డ చూశాడు. నన్ను చూశాడు. అప్పుడు నవ్వాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి తుప్పుతో.

మా ఆయనతో ఏమీ అనలేదు. "హ్యాంగర్ మార్చాలి. కోసి కొత్తది వెయ్యాలి, మూడు రోజులు," అన్నాడంతే.

మూడు రోజులు మా ఇల్లు జాకీల మీద నిలబడింది. నిచ్చెన వేసుకుని ఎక్కి దిగాం. కింద గ్యాస్ కటింగు నిప్పులు, పైన నా పొయ్యి. అతను చేత్తో తీశాడు. ఇప్పుడు ఏం వస్తుంది? ఎవరికి వస్తుంది? రెండోరోజు మధ్యాహ్నం మా ఆయన అతన్ని అన్నానికి పిలిచాడు. వ్యానులోకి రాడుగా, కిందనే పాత టైరు మీద కూర్చున్నాడు. చేతులు ఆ తొట్లోనే ముంచి వచ్చాడు. గోంగూర పప్పు కలిపాడు. ఆ గోరు పప్పులో మునిగింది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తుప్పును చప్పరించినట్టే చప్పరించాడు.

"ఉప్పు తక్కువైంది పరుపులమ్మా," అన్నాడు. "అంతా కమానుకే పెట్టేశావా?"

మా ఆయన ముద్ద చేతిలోనే ఆగింది. మెల్లగా నా వైపు చూశాడు. నేల మీద ఆ నల్లముద్ద ఇంకా అక్కడే పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు, పైన దండెం చూశాడు. పప్పు బాగుందని చెప్పి తినేశాడు. చేయి కడుక్కునేటప్పుడు మాత్రం నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

"నాకు చెప్పుండాల్సింది."

"చెబితే పని చెయ్యదన్నారు."

"పని చేసిందిగా," అన్నాడు. తిడితే బాగుండేది.

ఆ క్షణాన ఆ మేస్త్రీ మెడ పిసకాలనిపించింది. నా కాపురంలో వేలు పెట్టి, గీకి, నాకి, ఉమ్మేశాడు.

కొత్త హ్యాంగర్ వేశాడు. వ్యాను నిటారుగా నిలబడింది. చెంబు దొర్లలేదు. నాలుగు నెలలకు మా ఆయన పోయాడు.

దగ్గు. ఇన్నేళ్ల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పింది. ఫొటో చూపించింది, తెల్లగా ఉంది లోపల. డాక్టరు చెప్పేది చెప్పింది, నేను వినేది విన్నాను. నాకు ఒక్కటే తెలుసు. ఆ మూటలు చేత్తో తీశారు. నాలుగు నెలలు తిరగలేదు.

మొగుడు పోయినదాన్ని నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదంటారు మా సాయిబుల ఇళ్లలో. నాకు గడపేది? ఉన్నది వ్యాను తలుపు. నలభయ్యో రోజు ఆయన పేరున ఫాతిహా చదివించాక, మా తమ్ముణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తిన్నగా బైపాసుకు పొమ్మన్నాను. షెడ్డు ముందు దిగి, రోడ్డు మీదే నిలబడి తిట్టాను. లారీలవాళ్లంతా చుట్టూ మూగారు. నా నోరు మంచిది కాదు. అతని పుట్టుక తిట్టాను, గోరు తిట్టాను, నాలుక పుచ్చిపోవాలన్నాను. "నువ్వు చేత్తో తీశావు, నా మొగుణ్ణి తిన్నావు," అన్నాను.

అతను కొలిమి ముందు కూర్చుని చివరిదాకా విన్నాడు. చుట్ట ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకున్నాడు.

"తీసింది నేను. కట్టింది నువ్వు. పోయింది వాడు," అన్నాడు. "తీసినవాణ్ణి వదిలేసి వాడి దగ్గరికెందుకు పోయిందమ్మా అది? దారి తెలియకనా?"

"నవ్వుతావేంట్రా!"

"నేను నవ్వట్లేదు."

నిజమే. ఆ ఒక్కరోజు నవ్వలేదు. లోపలికి పోయి ఒక ఇనుప ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. జానెడు ఉంది. మా బండినుంచి కోసిన పాత హ్యాంగర్. ఇనుము కదా, బరువుంటుందని రెండు చేతులూ పట్టాను. బిస్కెట్టంత బరువు కూడా లేదు. పొరలు పొరలుగా విడిపోయి ఉంది.

"నొక్కు," అన్నాడు.

నేను నొక్కలేదు. అతనే నా బొటనవేలు పట్టుకుని నొక్కించాడు. ఆ గ్రీజు చేత్తో. నా వేలు అవతలికి వచ్చింది. ఎర్రపొడి అరచేయంతా పడింది.

"దీని మీద పడుకున్నారు మీరు. పదకొండేళ్లు కాదులే, చివరి ఏడాది. వాడు మంచం మీద, నీ చేతినీళ్లు తాగి పోయాడు. ఇంకో నెల ఆగుంటే ఇద్దరూ రోడ్డు మీద పోయేవాళ్లు. ఎవడో గోనెపట్టా కప్పేవాడు. ఏది కావాలో నువ్వే చెప్పు."

ఓదార్పు మాట ఒక్కటి లేదు. పాపం అనలేదు, అయ్యో అనలేదు. ఆ ముక్క అతని మొహాన కొట్టాను. తగిలి, పొడి పొడిగా రాలింది. కంట్లో పడ్డట్టుంది, ఆ తొట్లో నీళ్లే తీసుకుని కడుక్కున్నాడు. నేను వ్యాను ఎక్కి తలుపు వేసుకున్నాను. చేతికంటిన ఎరుపు సబ్బుతో పోలేదు. మూడు రోజులు ఎడమచేత్తో తిన్నాను.

తర్వాతి అమావాస్యకు ఉప్పు తీశాను, మిరపకాయలు ఏడు లెక్కపెట్టాను, గుడ్డ కత్తిరించాను. కిందికి వంగాను. కొత్త హ్యాంగర్ నల్లగా మెరుస్తోంది. చెయ్యి రాలేదు. అక్కడ కడితే ఏమవుతుందో నా బొటనవేలికి తెలుసు. కట్టకపోతే ఏమవుతుందో నా నుదుటికి తెలుసు. ఇప్పుడు బండిలో ఉన్నది నేనూ మా తమ్ముడూ. వాడికి ఇద్దరు పిల్లలు.

మూటను బండికి కట్టలేదు. నా నడుముకు కట్టుకున్నాను. చీర కుచ్చిళ్ల లోపల, ఒంటికి ఆనించి. ఇనుముకు బదులు నేను. వచ్చే అమావాస్యకు ఇంకోటి. తియ్యకూడదుగా, దాని పక్కనే.

ఎండాకాలం వచ్చింది. చీమకుర్తి రోడ్డులో ఆగాం. క్వారీ పనికి ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు షెడ్లలో ఉంటారు, వాళ్ల బొంతలు, దిండ్లు కుట్టే పని దొరికింది. బొంత దులిపితే రాతిపొడి లేచేది. చెమట ధారలు కట్టేది. నడుం దగ్గర మంట. మొదట దురద, తర్వాత పుండు, తర్వాత ఆ పుండు గుడ్డకు అంటుకుపోయింది. వంగితే చర్మం లాగేది. నా దగ్గర నాకే వాసన. ఊరందరి రోగాలూ చేత్తో పిండినదాన్ని, నా ఒంటినుంచి వచ్చే వాసనకు ముక్కు మూసుకున్నాను.

ఒక మధ్యాహ్నం రాళ్ల లారీ ఒకటి ఆగింది. దాంట్లోంచి ఆ మేస్త్రీ దిగాడు, చేతిలో సుత్తి సంచి. ఎక్కడో దారిలో విరిగిన బండిని చూడటానికి పోతున్నాడు. నన్ను చూశాడు. పలకరించలేదు. నేనూ తల తిప్పుకున్నాను. తిన్నగా వచ్చి, అడక్కుండా, పిలవకుండా, మా వ్యాను కింద ఆ దుమ్ములో వెల్లకిలా పడుకుని లోపలికి పాకాడు. మళ్లీ ఆ మడమలు. నేను సూది పట్టుకుని అలాగే కూర్చున్నాను.

సుత్తితో ఒక దెబ్బ వినపడింది. ఖంగుమంది. కాసేపటికి బయటికి వచ్చాడు.

"లేదే," అన్నాడు.

"ఏం లేదు?"

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది." నమ్మలేనట్టు నిలబడ్డాడు. "నువ్వు మానేసే మనిషివి కాదే!"

"నీకెందుకు? పని చూసుకుని పో."

అతను పోలేదు. నా చీర వంక చూస్తున్నాడు. నల్లచీర. నడుం చుట్టూ చెమట ఆరి తెల్లటి చార గీసినట్టుంది, దాని మధ్యలో పుండు కారిన తడి. నేను కొంగు కప్పుకున్నాను. అతని మొహం మారింది. బండి కింద ఎన్ని రకాల కుళ్లు చూసినా మారని మొహం అది. మొట్టమొదటిసారి అతను నిజంగా అసహ్యపడటం చూశాను, నన్ను చూసి.

"అక్కడ తుప్పు పడితే కోసి కొత్తది వెయ్యడానికి నా దగ్గర గ్యాసు లేదు, పరుపులమ్మా," అన్నాడు.

"చీ! ఆడదాని నడుం చూస్తావా? పో అవతలికి!"

పక్కకు తిరిగి థూ అని ఉమ్మాడు. పోయి లారీ ఎక్కాడు. అతన్ని చూడటం అదే ఆఖరు.

నేను వ్యానెక్కి తలుపు మూశాను. చీర సడలించాను. మూటలు రాలేదు. చెంబెడు నీళ్లు పోసి నానబెట్టాను. పళ్లు బిగపట్టి లాగాను. చర్మం కొంచెం దాంతోపాటే వచ్చింది. ఎన్నడూ చేత్తో తియ్యకూడదన్నదాన్ని నా చేత్తోనే తీశాను. తీసి, రోడ్డు పక్క గుంటలో విసిరేశాను. మెట్టు మీద కూర్చున్నాను, ఏం వస్తుందో రానీ అని. మా తమ్ముడు టీకొట్టు దగ్గర ఉన్నాడు. రోడ్డు దాటి రావాలి. వాడి మీదినుంచి కళ్లు తియ్యలేదు. పలక రాళ్లు వేసుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, నేల అదిరేలా. ఒకటి పోయింది. ఇంకోటి పోయింది. వాడు అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, నింపాదిగా దాటి వచ్చాడు.

"ఏంటక్కా అలా చూస్తున్నావు? ఆ నీళ్లేంటి కింద?"

"ఏం లేదు."

"సాయంత్రానికల్లా పొదిలి పోవాలిగా. పోదామా మరి?"

నడుం భగభగ మండుతోంది. లేచి మిషను మీద పట్టా కప్పాను.

"తియ్యరా బండి," అన్నాను.